ఎడమకు వాలిన కోత

కోళ్ల కంపెనీలో ఆమెను అందరూ పిన్ని అనేవారు. కోడిపిల్లల ముక్కులు కోయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఎర్రగా కాలిన కత్తి ముందు స్టూలు మీద కూర్చుని, ఒక పిల్లను అందుకుని, తల వెనక బొటనవేలు ఆనించి, ముక్కు కొసను కత్తికి తాకించేది. చుయ్‌మనేది. కాలిన వాసన వచ్చేది. అప్పటికే ఇంకో పిల్ల చేతిలో ఉండేది.

ఎందుకు కోయాలంటారా? రెక్క విప్పడానికి చోటులేని బోనుల్లో కుక్కితే కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. చోటివ్వడం ఖర్చు, ముక్కు కోయడం చవక. పెద్దవాళ్ల తెలివి అలాగే ఉంటుంది మరి! "గోళ్లు తీసినట్టే పిన్నీ, నొప్పేం ఉండదు" అని సూపర్‌వైజర్ మొదటి రోజే చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే ఆ స్టూలు మీద ఎవరైనా ఎలా కూర్చుంటారు?

చిన్నప్పుడు తలుపు సందులో నలిగి ఆమె బొటనవేలు వంకరపోయింది. దాంతో ఆమె కోసిన ముక్కు ఎప్పుడూ ఎడమకు వాలి ఉండేది. "ఇదిగో పిన్ని సంతకం" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. ఆమె కూడా నవ్వేది.

మేత బస్తాలు మోసి మోసి కొడుకు నడుం పడిపోయింది. ఇల్లంతా ఆమె ఒక్కదాని మీద పడింది. నాలుగు వేళ్లు నోట్లోకి వెళ్లాలంటే కోడలు కూడా పనికి రాక తప్పదనుకుంది. సూపర్‌వైజర్‌ని కాళ్లావేళ్లా పడి ఒప్పించింది. పాత సాక్సును ఉండచుట్టి కోడలి చేతికిచ్చి, వంటింట్లోనే పట్టు నేర్పింది. "అంత గట్టిగా కాదే తల్లీ, అది ఊపిరి తీసుకోవద్దూ?" అనేది. కోడలు ఇట్టే పట్టేసింది.

ఇక కోడలు చేరడమే తరువాయి అనగా, గుడ్లు తగ్గిన కోళ్లను లారీ ఎక్కించారు. పనివాళ్లకు తలా ఒకటి ఇచ్చారు. పిన్ని తన వంతు కోడిని కూరకని ఇంటికి తెచ్చింది. ఈకలు రాలి మెడంతా బోడి. పొయ్యి మీద నీళ్లు కాగేలోపు పాపం తిననీ అని కోడలు నేల మీద గింజలు చల్లింది.

కోడి టక్కుటక్కుమని పొడిచింది. ఒక్క గింజా పైకి లేవలేదు. మళ్లీ పొడిచింది. గింజలు అక్కడే ఉన్నాయి.

"ఇదేంటత్తయ్యా, తలుపు తడుతున్నట్టు కొడుతోంది!" అని కోడలు నవ్వుతూ వంగి చూసింది. నవ్వు ఆగిపోయింది. కింది ముక్కు గరిటెలా ముందుకు పొడుచుకొచ్చింది. పైది పొట్టిగా, ఎడమకు వాలి ఉంది.

"అత్తయ్యా, ఇది మీ చెయ్యే కదూ?"

తను ముక్కు కోసిన పిల్ల తర్వాత ఎలా తింటుందో ఇన్నేళ్లలో పిన్ని ఒక్కసారీ చూడలేదు. లోతు గిన్నెలో గింజలు పోసి పెడితే కోడి ముక్కు ముంచి ఆబగా తింది. కాగిన నీళ్లు పారబోశారు.

"నువ్వు రావద్దే. నీ పని కూడా నేనే చేస్తా" అంది పిన్ని.

"ఎలా చేస్తారత్తయ్యా? మీకేమన్నా నాలుగు చేతులున్నాయా?"

అయినా కోడల్ని ఆ కత్తి ముందు కూర్చోనివ్వకూడదని పిన్ని గట్టిగా అనుకుంది. మర్నాడు స్టూలెక్కి పిల్లను పట్టుకుంటే, దాని గుండె కొట్టుకోవడం వేలికి తెలిసింది. ఇంతకాలం తెలియలేదా? తెలిసే ఉంటుంది, మనసే పక్కకు తప్పుకుంది. వాలు రాకుండా కోద్దామని తిప్పి తిప్పి చూసింది. చెయ్యి ఆడలేదు. పిల్లల బుట్టలు వెనక పేరుకుపోయాయి. ఆ మర్నాడూ అదే తంతు.

"వయసు మీద పడింది పిన్నీ. నువ్వెళ్లి బోనులు కడుగు. నీ స్టూలు మీదకి కోడల్ని పంపు" అన్నాడు సూపర్‌వైజర్.

రేపట్నుంచి చెయ్యి ఆగదని పిన్ని బతిమాలింది. అతను అప్పటికే అవతలి షెడ్డులోకి వెళ్లిపోయాడు. బోనులు కడిగితే వచ్చే కూలితో ఇల్లు గడవదు. ఆ సంగతి కోడలికీ తెలుసు.

మొదటి రోజు పని నుంచి వచ్చి కోడలు చేతులు సబ్బుతో రుద్ది కడిగింది. వాసన చూసుకుని మళ్లీ కడిగింది. తర్వాత గిన్నెలో గింజలు పోసి, కోడి పక్కనే నేల మీద కూలబడింది.

"సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడత్తయ్యా. అచ్చం పిన్ని పట్టే అన్నాడు."

కోడలు తన బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నా వేలు బాగానే ఉంది కదా. అయినా నాదీ ఎడమకే వాలుతోంది, అత్తయ్యా."