గాలి లెక్క తప్పిన బండి

ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఉన్న బండి, యాక్సిలరేటరు తొక్కగానే సన్నగా ఈల వేస్తుంది. నా మెకానిక్ షాపులో ఆ ఈల మధ్యలో తెగినట్టు వినబడితే చేతిలో పని ఆగిపోతుంది. నరసన్నపేట హైవే పక్కన గ్యారేజీ నడిపిన తవిటయ్య గారు గుర్తొస్తారు. డిప్లొమా చదివి పని అడిగిన నాలాంటి ఆడపిల్లకు మారుమాట లేకుండా పానా అందించిన మనిషి. ఆయన కుదురుగా కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. టీ కూడా బండి చుట్టూ తిరుగుతూనే తాగేవారు.

ఒక పొద్దున రామ్మూర్తి గారనే రైతు తన డీజిల్ కారు తెచ్చారు. భార్యకు కిడ్నీ జబ్బు. డయాలసిస్‌కు శ్రీకాకుళం తీసుకెళ్తుంటే, లారీని దాటబోయిన బండి సగంలో చతికిలబడిందట. ఎదురుగా బస్సు. తాళాలు తవిటయ్య గారి చేతిలో పెట్టారు.

"రేపు మళ్లీ తీసుకెళ్లాల బావా. నమ్మకంగా సేసి పెట్టు."

స్కానరు పెట్టాను. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సారు బాగా తక్కువ చూపిస్తోంది. గాలి తక్కువనుకుని ఇంజన్ డీజిల్ కూడా తగ్గించేస్తోంది. "సెన్సారు పోయింది, మార్చేద్దాం" అన్నాను. రామ్మూర్తి గారు గేటుకూ బండికీ మధ్య తిరుగుతుంటే నాకూ కాలు నిలవడం లేదు.

"అవ్వొచ్చు. గొట్టాలు సూసావా? గాలి దారిలో పోతన్నాదేమో" అన్నారు తవిటయ్య గారు.

గొట్టాల్లోకి గాలి పట్టించి సబ్బునీళ్లు రాశాను. ఎక్కడా బుడగ రాలేదు. తర్వాత సెన్సారు వైరు ఊడదీసి హైవే మీద నడిపాం. కొలత అందకపోతే ఇంజన్ తన అంచనాతో నడుస్తుంది. అలా నడిపితేనే బండి బాగా లాగింది. నా మాటే నిజమైంది. మధ్యాహ్నానికి కొత్త సెన్సారు తెప్పించి బిగించబోతే తవిటయ్య గారు చెయ్యి అడ్డుపెట్టారు.

"నువ్వు సెప్పింది రైటే. మరి అది ఎందుకు పోనాదమ్మా?"

విసుగ్గానే గాలిని వడకట్టే ఫిల్టరు డబ్బా విప్పాను. మూత క్లిప్పు విరిగి ఉంది. ఆ సందులోంచి దుమ్ము ఫిల్టరు దాటి లోపలికి వెళ్లి, సెన్సారు మీద పేరుకుంది. కొత్తదాన్నీ ఆ దుమ్మే తినేసేది, బండి మళ్లీ ఏ లారీ పక్కనో చతికిలబడేది. వేలికంటిన దుమ్ము చూస్తూ ఉండిపోయాను. ఆయన తన వేలు కూడా పెట్టి చూసుకున్నారు.

క్లిప్పు మార్చి అంతా బిగించాక, తవిటయ్య గారు తాళాలు రామ్మూర్తి గారి చేతికిచ్చారు. "నువ్వే నడుపు. నీకు నమ్మకం కుదరాల."

కాసేపటికి ఆయన తిరిగొచ్చి, దిగకుండానే స్టీరింగు మీద తల ఆనించారు. "లారీని దాటేసినాది బావా" అన్నారు మెల్లగా.

తవిటయ్య గారు పోయి కొన్నేళ్లయింది. ఎచ్చెర్ల దగ్గర ఇప్పుడు నాకు సొంత షాపు ఉంది. అనుకున్నది నిజమైతే ఎవరికైనా నిమ్మళం వస్తుంది. నాకు మాత్రం అక్కడే, 'ఎందుకు పోనాదమ్మా' అన్న ఆయన మాట గుర్తొచ్చి గుబులు మొదలవుతుంది. బాగైన బండి తాళాలు ఇచ్చేశాక కూడా గేటు దాకా నడుస్తాను. అది హైవే ఎక్కి కనుమరుగయ్యేదాకా లోపలికి రాలేను.