పట్టుపోగు

నైజాం రోజుల మాట. గద్వాల స్టేషన్లో బండి ఆలస్యమైంది. ముసాఫిర్‌ఖానాలో నలుగురు తువాలు పరుచుకుని పేకాడుతున్నారు. నా చేతిలోని పుస్తకాలు చూసి కాబోలు, ఒక నేతగాడు వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు.

“పంతులూ, జర సాయం జెయ్యిండ్రి. ముక్కలు కనవడితే నేనాగ. మగ్గం గూడ ఆటల్నే పాయె.”

మూటలోంచి పట్టుపోగు తీసి ఒక కొస తన చిటికెనవేలికి, రెండో కొస నా వేలికి కట్టాడు.

“పోగు తెగితే అతకకుండ మగ్గం మీదికెల్లి లేవం మేం. నేను లేస్తే గిది తెగుతది. మల్ల కూసోవాలె.”

అవతల ఎవరో పందెం గెలిచి కేక వేశారు. అతడు కళ్ళు మూసుకుని బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

పోగు తెగింది.

లేచింది అతడు కాదు, నేను. అప్పటికే నా చెయ్యి జేబులోని డబ్బుల మీద ఉంది.

అతడు నన్ను తప్పుపట్టలేదు. తెగిన కొసలు రెండూ వేళ్ళ మధ్య నలిపి నెమ్మదిగా అతికాడు.

“మీకూ ఉన్నదని తెల్వకపాయె. కూసోండ్రి పంతులూ.”

బండి వచ్చేదాకా ఇద్దరం కదల్లేదు. ఇప్పటికీ ఎక్కడైనా ముక్కలు కలిపే చప్పుడు వినబడితే, కూర్చున్నచోటే నా చిటికెనవేలు తడుముకుంటాను.