మా అవ్వ కనని అన్నయ్య మ్యాచింగ్ సెంటర్

నా దుకాణం ప్రారంభోత్సవం రోజున నాకు నేనే ఉద్యోగం ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇంత నాశనం ఎలా జరిగిందో చెబుతాను. కాస్త మెల్లగా నవ్వండి, మా ఆవిడ పక్కగదిలోనే ఉంది.

నేను సిరిసిల్లలో ఒక బట్టల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని. కంపెనీ మూతపడింది. ఉద్యోగం పోయినవాళ్లకు కొన్ని నెలలు భృతి ఇస్తారంటే మా జిల్లా కేంద్రం జగిత్యాలలోని ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. 'నాకు ఉద్యోగం లేదు, వ్యాపారమూ లేదు' అని కింద సంతకం కూడా చేశాను. అదే వారం మా ఊరు కోరుట్లలో జాకెట్టు ముక్కలు, చీర ఫాల్స్ అమ్మడానికి ఒక షాపు అద్దెకు తీసుకున్నాను. షట్టర్ ఎత్తేదాకా అది వ్యాపారం కాదని నా వాదన. ఆ వాదనను మెచ్చుకున్నది నేనొక్కడినే.

మా వైపు సరుకు లేకుండానైనా దుకాణం తెరవొచ్చు గానీ ఫ్లెక్సీ లేకుండా తెరవలేం. ఆ బాధ్యత మా బావమరిది అనిల్ నెత్తినేసుకున్నాడు. స్టూడియోలో నాకు అరువు కోటు తొడిగి, చేతులు జోడింపజేసి ఫోటో తీయించాడు. నన్ను ఇంట్లో పిలిచే పేరుతో, కింద 'మన చంటన్న మ్యాచింగ్ సెంటర్' అని వేయించాడు. ఎక్కడ కట్టావని నేను అడగలేదు. అదీ నా తెలివి.

సోమవారం మాసిన చొక్కా, పెరిగిన గడ్డంతో, దరఖాస్తు విచారణకని ఆ భృతి ఆఫీసు ముందు లైన్లో నిలబడ్డాను. ముందున్న పెద్దాయన పైకి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పైకి చూశాడు. నేనూ తలెత్తాను. గేటు పక్కన పదడుగుల నేను, నవ్వుతూ, నాకే దండం పెడుతున్నాను!

వెంటనే అనిల్‌కు ఫోన్ చేశాను. "గిక్కడ కట్టినవేందిరా?"

"కోరుట్లల నిన్ను ఎరుగనోడెవడు బావా? జగిత్యాలల తెల్వాలె. గా ఆఫీసు కాడ మస్తు పబ్లిక్ ఉంటరు!"

ఇంతలో నా వంతు వచ్చింది. సారు ఫారం చూసి, కిటికీలోంచి ఫ్లెక్సీ చూశాడు.

"రాజేశం, గా నవ్వేటాయన ఎవలయ్యా?"

"మా అన్న సార్. కవలలం."

"మరి నీకెందుకు గింత గడ్డం?"

"బాధల ఉన్న సార్."

"ఓపెనింగ్ ఎప్పుడు?"

"గురువారం సార్. మీరు తప్పక రావాలె," అన్నాను. నోరు కదా, అలవాటుగా అనేసింది.

గురువారం సారు నిజంగానే వచ్చాడు. మా ఆవిడ ఏళ్లతరబడి మిషన్ కుట్టి కూడబెట్టిందంతా ఆ షాపులో సరుకై కూర్చుంది. నా మీద కేసయితే అదంతా గోవిందా. అన్నలా కనబడటానికి గడ్డం గీసుకున్నది చాలదనిపించి, నన్ను కన్న అవ్వ కళ్లద్దాలు కుర్చీ మీదుంటే తగిలించుకున్నాను. లోకమంతా మసకబారింది. ఎదురుగా నిలబడ్డ ఆకారానికి వంగి దండం పెట్టాను. అది స్టాండు ఫ్యాను.

"నేను ఇటున్న," అన్నాడు సారు. "మంచిగున్నది షాపు. పాపం, మీ తమ్ముడు పని లేక తిరుగుతుండు. నువ్వే ఒక కొలువియ్యరాదు?"

"ఇ... ఇస్త సార్."

"గట్లయితే గీ కాయితం మీద రాసియ్యి. ఇగ వానికి భృతి అక్కర లేదు."

నన్ను నేను కొలువులో పెట్టుకుంటూ సగం రాశానో లేదో, అవ్వ తడుముకుంటూ వచ్చింది.

"నా అద్దాలు నువ్వెందుకు పెట్టుకున్నవురా చంటీ?"

సారు మెత్తగా అడిగాడు. "అమ్మా, నీకు కొడుకులెందరు?"

అవ్వ నా ముక్కు మీది అద్దాలు పీకి తను పెట్టుకుంది. కాయితం చదివింది. నా మొహం చూసింది.

"ఇద్దరు సారూ. ఒకడు దుకాణం నడిపేటోడు, ఇంకొకడు అబద్దాలాడేటోడు. ఇద్దరూ వీడే."

అందరికంటే గట్టిగా సారే నవ్వాడు. "ఇంకా పైసలు రాలేదు గనక బతికినవ్. దరఖాస్తు వాపసు తీసుకుంటున్ననని రాయి. తమ్ముని లెక్కనే సంతకం పెట్టు." రాసిచ్చాను. పోతూ పోతూ ఒక ఆకుపచ్చ జాకెట్టు ముక్క కొన్నాడు. నా బోణీ ఆయనదే.

ఆ సాయంత్రం దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి, చెంపలేసుకుని ప్రమాణం చేశాను. మా అవ్వ కనని అన్నయ్యను ఈ జన్మలో మళ్లీ నేను కనను.