పేరయ్య సారు కుదిర్చిన సంబంధం

పిల్లలకు కంపెనీల్లో ప్రాజెక్టులు వెతికిపెట్టే ఆ కంప్యూటర్ మాస్టారి అసలు పేరు కాలేజీలో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. పెళ్ళిళ్ళ పేరయ్యలా కాళ్ళరిగేలా కంపెనీల చుట్టూ తిరుగుతాడని పిల్లలు పేరయ్య సారన్నారు, అదే ఖాయమైపోయింది. ఆయనా నొచ్చుకోలేదు. పైగా, "సంబంధం నేను కుదురుస్తాను. కాపురం మాత్రం మీరే చెయ్యాలర్రా" అనేవాడు.

ఆ కాపురమే ఇప్పుడు కూలేలా ఉంది. గోదాముల లెక్కలు చూసే ఓ కంపెనీకి పోయినేడు పిల్లలు రాసిచ్చిన ప్రోగ్రాం, ఒకరి కోసం పక్కన పెట్టిన సరుకును అడిగినవాళ్ళకల్లా అమ్మేసింది. ఆ కంపెనీ మేనేజరమ్మ మొహమాటం ఎరగని మనిషి. "ఈసారీ ఇంతే అయితే మీకో దండం మాస్టారూ. మళ్ళీ మీ కాలేజీ గడప తొక్కను" అనేసింది. ఆవిడ రావడం మానేస్తే పిల్లలకు పుస్తకాల్లోని ఉత్తుత్తి ప్రాజెక్టులే గతి. ఆ బెంగతో మాస్టారికి అన్నం కూడా సహించడం లేదు.

ఈ ఏటి పిల్లలు మళ్ళీ రాసిన ప్రోగ్రాం ఆవిడకు చూపించాల్సిన రోజు రానే వచ్చింది. ల్యాబులో తెర మీద సరుకుల జాబితా పడగానే మాస్టారు తల పట్టుకున్నాడు. పరీక్ష కోసం సరదాగా ఎక్కించిన సరుకుల్ని ఈ వెధవాయిలు తీసెయ్యనేలేదు! 'ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం, నిల్వ: అపారం.' దాని కింద, 'పేరయ్య సారు, నిల్వ: ఒక్కటే.'

జట్టుకు పెద్దయిన అమ్మాయి నాలుక కరుచుకుంది. "తీసేద్దామనే అనుకున్నాను సార్..."

"అనుకున్నావా తల్లీ!" అన్నాడు మాస్టారు నీరసంగా.

మేనేజరమ్మ నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని మౌస్ అందుకుంది. "ఉండనీ అమ్మా. ఈయన్ని మా ఆఫీసుకి పంపించమని ఆర్డరు పెడతాను, చూద్దాం."

తెర మీద ఎర్రగా జవాబొచ్చింది: 'ఈ సరుకు ఒకరి కోసం పక్కన పెట్టినది. అమ్మకానికి లేదు.'

ఆవిడ పట్టు వదల్లేదు. పెద్ద అధికారి పేరుతో లోపలికెళ్ళి అడిగింది. అదే జవాబు. ఇంకో గోదాముకి మార్చబోయింది. ప్రోగ్రాం ససేమిరా అంది. పోయినేడు లేని తాళం ఇదే.

"ఇంతకీ ఎవరి కోసం దాచారమ్మా ఈయన్ని?"

మేనేజరమ్మే ఆ వరుస మీద నొక్కి పైకి చదివింది: "'మా తర్వాత వచ్చేవాళ్ళ కోసం.'"

మాస్టారికి ఏడుపొచ్చేసింది. పిల్లలంతా చూస్తున్నారని తెలిసీ ఆపుకోలేకపోయాడు.

అమ్మాయి గబగబా ఆ వరుస చెరిపెయ్యబోతే మేనేజరమ్మ చెయ్యి అడ్డుపెట్టింది.

"దాన్ని ముట్టుకోకు. వచ్చే ఏడు పిల్లలు కూడా దీంతోనే పరీక్ష చేస్తారు."