మెండోర పహిల్వాన్ అరచెయ్యి

1936లో మా గానుగ నిజామాబాద్‌లో తాలీం గోడకు ఆనుకునే ఉండేది. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. గానుగ తోలడం మా ఇంటాయన పని, నూనె అమ్మడం నాది. తాలీం వాళ్లే మాకు పెద్ద బేరం. నువ్వుల నూనెతో ఒళ్లు మర్దన చేసుకునేవాళ్లు. తాలీం బరిలో మట్టి గట్టిపడకుండా పసుపు, మజ్జిగతో పాటు అదే నూనె కలిపేవాళ్లు. జాతర బరిలో మాత్రం ఉత్త దుక్కి మట్టే. అక్కడ పోటీకి దిగేవాడి ఒంటి మీద చుక్క నూనె ఉండకూడదు. ఉంటే ఎదుటివాడి పట్టు జారిపోతుంది.

నా తమ్ముడు నర్సింలు ఆ తాలీంలోనే పెరిగాడు. అమ్మ పోయాక వాణ్ని సాకింది నేనే. వాడు తాగే పాలు, తినే బాదంపప్పు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. ఇంత తిండి పెడితే ఏమొస్తుందని ఒకసారి కుస్తీ నేర్పే ఉస్తాద్‌నే అడిగాను. మెడ లావెక్కడం తొందరగానే అవుతుంది, మనిషి కుదురుకోవడానికే ఏండ్లు పడుతుంది అన్నాడాయన. తప్పించుకునే మాట అనుకున్నాను.

ఆ ఏడు బోధన్ దగ్గర జాతర. మొదట గెలిచినవాడికి కొబ్బరికాయ ఇచ్చే చిన్న కుస్తీలు, చివరిది చేతికి వెండి కడెం తొడిగే పెద్ద కుస్తీ. ఆ చివరి కుస్తీ మావాడికీ మెండోర ఊరి పహిల్వాన్‌కీ పడింది. ముందటేడు అతని చేతిలోనే మావాడు వెల్లకిలా పడ్డాడు. అప్పటినుంచి ఇంట్లో సరిగా మాట్లాడింది లేదు. ఆడవాళ్లం బరి దగ్గరికి పోకూడదు కాబట్టి నేను నూనె కుండలతో చెరుకు బండ్ల పక్కన కూర్చున్నాను.

కేకలు వినబడ్డాయి. నర్సింలు గెలిచాడన్నారు. సంతోషపడేలోపే జాతర జరిపించే ఊరి పెద్ద పటేల్ ఆ మెండోర మనిషిని వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. వెనక మావాడు, ఉస్తాద్, సగం జాతర. మెడ పట్టుకుంటే జారిందని మెండోర మనిషి ఫిర్యాదు. అది చెమట అని మావాడి జవాబు.

"నూనె సంగతి నీకన్న ఎవలికెరుక అక్కా," అన్నాడు పటేల్. "గిది చెమటనా, నూనెనా?"

"నీ తమ్ముడైతే ఏంది," అన్నాడు మెండోర మనిషి, అరచెయ్యి చాపి. "నువ్వు చెప్పిందే ఖాయం."

నీళ్ల చెంబులో వేలు ముంచి ఆ చేతి మీద ఒక బొట్టు వేశాను. చెమట చేతి మీద నీళ్లు పరుచుకుంటాయి. ఆ బొట్టు పూసలాగా నిలబడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మేము నువ్వులు కొంచెం వేయించి గానుగలో పోస్తాం, చుట్టుపక్కల ఇంకెవరూ అట్లా చేయరు. అదే వాసన. నర్సింలు నా మొహంలోకే చూస్తున్నాడు, చిన్నప్పుడు అన్నం కోసం చూసినట్టు.

"నూనె," అన్నాను. "మా గానుగదే."

"పాలు తాగిన పహిల్వాన్ పాయె, నూనె పహిల్వాన్ వచ్చె," అని గాజుల దుకాణం దగ్గర ఎవరో నవ్వారు. నాకు తల ఎత్త చాతకాలేదు.

నర్సింలు ఉస్తాద్ కాళ్ల మీద పడి కొట్టమన్నాడు.

"కొడితే నీ ఒళ్లు నొస్తది, గంతే," అన్నాడాయన. "నేర్పినోన్ని నేను."

తలపాగా తీసి నా కుండ పక్కన పెట్టి, ఆ ముసలాయన అందరి ముందు బైఠకులు తీయడం మొదలుపెట్టాడు. ఆగకుండా కూర్చుంటూ, లేస్తూ ఉన్నాడు. చివరికి మెండోర మనిషే వచ్చి పట్టుకొని ఆపాడు.

ఆ తర్వాత మరుసటి జాతర దాకా ఉస్తాద్ మావాణ్ని కుస్తీకి దించలేదు. నేలకు చేతులు ఆనించి వంగి లేచే దండీలు తీయాలి, బరి తవ్వాలి, మట్టి మెత్తగా చేయాలి. మట్టిలో కలిపే నూనె కోసం నా దగ్గరికే వచ్చేవాడు. తల దించుకొని కుండ పెట్టేవాడు, నేను పోసేదాన్ని.

మళ్లీ జాతర వచ్చింది. మళ్లీ ఆ మెండోర మనిషితోనే కుస్తీ. బరిలోకి పోయే ముందు నర్సింలు నేరుగా నా దగ్గరికి వచ్చి మెడ వంచాడు.

"సూడు అక్కా."

"పోరా, ఎవలు అడిగిండ్రు?" అన్నాను. జనం చూస్తుంటే సిగ్గేసింది.

"నేనే అడుగుతున్న."

మెడ మీద నీళ్లు చల్లాను. పరుచుకొని కారిపోయాయి. వాసన చూశాను. మట్టి, చెమట. పొమ్మన్నాను. ఆ కుస్తీ వాడు ఓడిపోయాడు. వచ్చి నీళ్లడిగి తాగి, బండ్ల నీడలో హాయిగా నిద్రపోయాడు.

తాలీంలో తవ్విన మట్టి, తీసిన దండీలు మనిషిలో ఏం పెంచుతాయో నాకు ఆ రోజు తెలిసింది. పరువు పోయిన చోటికే తిరిగొచ్చి, చూడమని మెడ వంచే బలం అది. నాకు అంత బలం లేదు. మట్టి వాసనే వచ్చినా నమ్మలేక, పొమ్మనే ముందు ఇంకోసారి వంగి వాసన చూశాను. వాడికి తెలిసింది. అయినా కదలకుండా నిలబడ్డాడు.