రాహేలమ్మ సాలు

గద్వాల దగ్గరి విత్తన పత్తి చేలలో క్రాసింగు కోసం మొగ్గలు గిల్లే రాహేలమ్మకు అన్నీ "సాలు". ఆటోలో జానెడు చోటు దొరికినా సాలు, సద్దిలోకి ఉత్త కారమున్నా సాలు. గోరు చిట్లినా ఊదుకుని, "దేవుడు ఎట్ల ఉంచితె అట్ల ఉండుడు నేర్చుకున్న" అంటుంది. పత్తి వరుసను కూడా సాలనే అంటారు; రోజంతా ఆ మాటే వినీ వినీ పక్కవాళ్లకు విసుగు.

మొన్న ఎండకు పన్నెండుమంది ఆడవాళ్ల నీళ్ల క్యాను పదింటికే ఖాళీ అయింది. ఐదో నెల కడుపుతో ఉన్న వసంత గట్టున కూలబడింది. ఇంకో క్యాను అడగమని వయసులో పెద్దదైన రాహేలమ్మను ఆసామి జగదీశ్ దగ్గరికి పంపారు. అతడు "నీళ్లు సాలుతున్నయా అవ్వా?" అనగానే "సాలుతున్నయి బిడ్డా" అని తిరిగొచ్చింది. పక్క వరుసలో పనిచేసే జములమ్మ చేతిలోని మొగ్గలను నేలకేసి కొట్టింది. "నీ సాలు నీది అవ్వా, మా సాలుల అడ్డం పడకు! గీ పిల్లను సూడు జర!" రాహేలమ్మ వసంత ఎండిన పెదవులను చూసింది. వెనక్కి వెళ్లి జగదీశ్ బండికి అడ్డంగా కూర్చుంది. "నాకు సాలు గని, వీళ్లకు సాలుతదని చెప్పేందుకు నేనెవరు? తప్పయింది బిడ్డా. నీళ్లు వస్తెనే లేస్త." అతడు విసుక్కుంటూ ఫోన్ చేశాడు. అరగంటలో క్యాను వచ్చింది. అందరూ తాగాక జములమ్మ గ్లాసు నింపి ఇస్తే, "నాకెందుకే, నాకు..." అనబోయింది. "ఆ మాటన్నవనుకో, నెత్తిమీద పోస్త!" రాహేలమ్మ గ్లాసు అందుకుంది. ఊపిరి తిప్పుకోకుండా మూడు గ్లాసులు తాగింది.