ఎర్రబడిన గడప

మా నూతి నీళ్లు మారాయన్న కబురు మొదట నాకు తెచ్చింది మా ఇంటి బట్టలు ఉతికే చాకలామె. దాన్ని ఆవిడ శుభవార్తగా తెచ్చింది.

“కోడలమ్మా, నూతిలో ఏటి కలిపినారు? సౌడు ఎయ్యకుండానే పంచెలు తెల్లగయిపోతన్నాయి.”

“మేమేం కలపలేదే.”

“అయితే మరీ మంచిది. సౌడుమట్టి మోసే పని తప్పినాది నాకు. మీ నుయ్యి సల్లగుండాల.”

నేనూ సంతోషించాను. అరవైల చివరి రోజులవి. చీపురుపల్లి దగ్గర మా ఊరు. మా పెరటి వెనక చేను దాటితే, గోగునారను ఉన్నిలా మెత్తబరిచే పరిశోధనశాల ఒకటి కొత్తగా పెట్టారు. నారను ఘాటైన సోడా నీళ్లలో నానబెడతారట, కొన్నాళ్లకు గోనెలే శాలువాలవుతాయట. మా మామగారు ఖాళీ ధాన్యం బస్తా ఒకటి భుజాన కప్పుకుని, చలికాలానికి సరిపోతుందో లేదో చూసుకునేవారు కూడాను.

ఆ శుక్రవారం గడపకు పసుపు రాస్తే ఎర్రగా తేలింది.

“ఒసే, సున్నం సేత్తో పసుపు ముట్టుకున్నావేటే?” అన్నారు అత్తగారు.

“నేను తాంబూలం వేసుకోను కదత్తా.”

“అయితే నా సున్నమే నీ సేతికెక్కినాది.”

గడప కడిగి మళ్లీ రాశాను. మళ్లీ ఎరుపే. అత్తగారు తన చేత్తో రాసి చూశారు. అదీ ఎరుపే. ఆవిడ తలనిండా కొంగు కప్పుకుని, “అమ్మోరు వచ్చినాది” అని కూలబడ్డారు. మధ్యాహ్నానికి వీధి వీధంతా మా పెరట్లోనే ఉంది. నూతి గిలకకు ఎర్ర రవికెగుడ్డ కట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. నేనూ నిండు మనసుతోనే దణ్ణం పెట్టాను.

కానీ ఆ నీళ్లు నోట్లో జారుడుగా ఉండేవి. కందిపప్పు రెండు పొంగులకే గుజ్జైపోయేది. తాగినవాళ్లకు కడుపులో మంట. మా వీధి మొత్తానికి మంచినీళ్ల నుయ్యి అదొక్కటే. అది పోతే మైలు దూరాన ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని తోడుకోవాలి. ఇంటికి కొత్త కోడల్ని నేనే కనుక, నా నడుం సంగతి అమ్మవారికి ముందుగానే విన్నవించుకున్నాను.

ఒకనాడు పులుసుగిన్నె పట్టుకుని గడప దాటుతుంటే రెండు చుక్కలు ఒలికాయి. చుక్క పడిన చోటల్లా ఎరుపు పోయి పసుపు తేలింది. పెళ్లిలో నా కాళ్లకు పసుపూ సున్నమూ కలిపి పెట్టిన పారాణి మీద చింతపండు పడినప్పుడూ అలాగే అయింది. అత్తగారిని పిలిచి చూపించాను.

“ఏటంటావు? సింతపండుకి బెదిరిపోతాదేటే మా అమ్మోరు?”

“నీళ్లలోనే సున్నంలాంటి ఘాటేదో కలిసిందేమో, చేను అవతల సోడా తొట్లున్నాయి కదత్తా” అన్నాను. ఆవిడ తాంబూలం పూర్తిగా నమిలారు.

“అమ్మోరు రానేదని కాదు. వచ్చినాది. నీల్లు బాగునేవర్రా అని సెప్పడానికే వచ్చినాది. మనం కొబ్బరికాయలు కొట్టుకుని కూకున్నాం.”

మర్నాడు పళ్లెంలో పసుపు, చెంబుతో నూతి నీళ్లు పట్టుకుని ఇద్దరం పరిశోధనశాలకు వెళ్లాం. అక్కడి కెమిస్టు దూరపు జిల్లా మనిషి. ప్రసాదమనుకుని చెయ్యి చాచాడు. అత్తగారు ఆ అరచేతిలోనే పసుపు వేసి పైన నీళ్లు పోశారు. అరచెయ్యి ఎర్రబడింది. ఆయన వెనక్కి తిరిగి, ఆవరణలోని గోతివైపు చూశాడు.

“వాడేసిన నీళ్లు గోతిలోనే వదులుతున్నామమ్మా. నేల పీల్చేసుకుంటుంది.”

“పీల్సుకుని ఏటి సేస్తాది బాబూ? కడుపు నిండితే మా నూతిలో కక్కుతాది.”

ఎప్పటినుంచని ఆయన అడిగాడు. మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలు అక్కడ పనికొచ్చాయి. ఏ శుక్రవారం గడప ఏ రంగు తేలిందో పంచాంగం అంచున రాసుకున్నాను. అది చదివి వినిపించాను. ఆయన లెక్క చూస్తే, గొయ్యి తవ్విన కొద్ది వారాలకే మొదటి ఎరుపు.

ఆ నీళ్లు నేలలోకి ఇంకకుండా సిమెంటు తొట్టి కట్టాలంటే పైనుంచి అనుమతి రావాలి, నెలలు పడుతుందన్నాడు. “అందాకా?” అన్నారు అత్తగారు. ఆయన ఎర్రబడ్డ అరచెయ్యి చూసుకుని, ఆ పూటే సోడా తొట్లు ఆపించేశాడు. గోతిలో నీళ్లు పీపాల్లోకి ఎత్తించాడు, అడుగు మట్టి తవ్వించాడు. మా నుయ్యి ఎన్నిసార్లు తోడించాడో లెక్కలేదు. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు, చాకలామె తప్ప. “బంగారంలాటి నూతిని పాడుసేసేసినారు” అని ఆవిడ చాలా రోజులు సణిగింది.

రెండు వానాకాలాలు గడిచాకగానీ పసుపు పసుపుగా నిలవలేదు. అందాకా చెలమ నీళ్లు నేనే మోశాను. ఆ మైలు నడకలోనే నాకు స్తోత్రాలన్నీ కంఠతా వచ్చాయి. అదీ దేవుడి దయే.

పని ఆపినందుకు కెమిస్టుకు పైవాళ్లనుంచి గట్టి ఉత్తరాలే వచ్చాయట. తొట్టి కట్టకముందే బదిలీ చేసేశారు. ఆయన మెత్తబరచాలనుకున్న నార అలాగే మిగిలిపోయింది. మా నీళ్లు బాగయ్యాయని ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు. నేను రోజూ దీపం దగ్గర ఆయన పేరు చెప్పుకుంటాను. మీరూ వీలున్నప్పుడు, ముక్కూ మొహం తెలియని ఊరి నీళ్ల కోసం తన పని ఆపుకున్న ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.